బ్రిటిష్ నాణేల ధరల పట్టిక ఎలా తయారు చేయాలి, ఎలా సవరించాలి?

బ్రిటిష్ నాణేలు సేకరించేవాళ్ల కోసం ధరల పట్టిక వేస్తానని ఎవరైనా అంటే నేను అడిగేది ఒక్కటే: ఆ ధరలు ఎక్కడి నుంచి తెస్తారు? సాధారణంగా రెండే జవాబులు వస్తాయి. పాత పట్టికలు మూడు ముందేసుకుని సగటు తీస్తామంటారు. లేదా ఆన్‌లైన్‌లో అమ్మకానికి పెట్టినవాళ్లు అడుగుతున్న ధరలు ఎత్తి రాస్తామంటారు. మొదటిది ఎంగిలి పట్టిక, రెండోది గాలిలో మేడ. ఎవరో ఒకరు నిజంగా డబ్బు చెల్లించి కొన్న ధర తప్ప వేరే అంకె ఏదీ పట్టికలోకి రాకూడదు.

అడిగే ధర ఎంత వట్టిదో తెలియాలంటే రెండు పెన్స్ నాణెం చూడండి. 1971 నుంచి 1981 వరకు దాని మీద 'న్యూ పెన్స్' అనే ఉండేది. 1982 నుంచి 'టూ పెన్స్' అయింది. అయితే 1983లో ప్రత్యేక సెట్ల కోసం ముద్రించిన కొన్నింటి మీద పొరపాటున పాత అక్షరాలే పడ్డాయి. అరుదైనవి అవి మాత్రమే. ఈ సంగతి సగమే విన్నవాళ్లు 1971 నాటి మామూలు నాణేన్ని వేల పౌండ్లకు అమ్మకానికి పెడుతుంటారు. దాన్ని కొనే నాథుడు ఉండడు. కానీ ఆ 'ధర' ఒకరి పట్టికలోకి ఎక్కుతుంది, దాన్ని చూసి ఇంకొకరు రాసుకుంటారు.

సామగ్రి

గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న కాటా, పది రెట్లు పెద్దది చేసే భూతద్దం, పక్క నుంచి వెలుగు పడే బల్ల దీపం, కంప్యూటర్‌లో ఎక్సెల్, ఒక గీతల నోటుపుస్తకం. నోటుపుస్తకం దేనికని నవ్వేవాళ్లున్నారు. చేత్తో రాసుకున్న అంకెలో తేడా ఉంటే రాసేటప్పుడే కంటికి తగులుతుంది, కాపీ చేసి అతికించిన అంకెలో తగలదు. ముందు పుస్తకం, తర్వాతే కంప్యూటర్.

హద్దు గీసుకోండి

పురాతన కెల్టుల నాణేల నుంచి మూడో ఛార్లెస్ రాజు నాణేల వరకు అన్నీ ఒకే పట్టికలో పెడతామని బయలుదేరినవాళ్లు విక్టోరియా దాకా కూడా రారు. ఒక్క విలువ నాణెంతో మొదలుపెట్టండి. 1860లో రాగి పోయి కంచు వచ్చినప్పటి నుంచి, చలామణి కోసం చివరిగా ముద్రించిన 1967 వరకు పెన్నీలు తీసుకుంటే కొత్తవాళ్లకు అంతకన్నా మంచి బడి లేదు. ప్రతి సంవత్సరానికి ఒక వరుస. ఒకే ఏడాదిలో తేడాలుంటే వాటికి వేరే వరుసలు: 1902లో బ్రిటానియా (పెన్నీ వెనుక వైపు కూర్చుని ఉండే స్త్రీ మూర్తి) వెనుక సముద్రపు గీత కిందికి ఉన్న రకం, 1912లో 'హెచ్' గుర్తు (బయటి టంకశాలలో ముద్రించారని చెప్పే అక్షరం) ఉన్నది, 1918, 1919లలో 'హెచ్', 'కేఎన్' గుర్తులున్నవి, 1926లో రాజు ముఖం మార్చి చెక్కిన రకం.

నాణెం ఎంత అరిగిందో చెప్పే స్థాయిలకు నిలువు గడులు నాలుగే ఉండాలి, బాగా అరిగినదాని నుంచి చలామణిలో తిరగని కొత్తదాని వరకు: ఫైన్, వెరీ ఫైన్, ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్, అన్‌సర్క్యులేటెడ్. అమెరికన్ల 70 పాయింట్ల కొలబద్దను ఇందులోకి తేవద్దు. అది పనికిరానిదని కాదు, బ్రిటిష్ డీలరు బల్ల దగ్గర మాట్లాడుకునే భాష అది కాదు. పైగా అమెరికన్లు ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ అనేదాన్ని లండన్‌లో చాలామంది ఒక మెట్టు కిందే కడతారు. 'ఇంత నుంచి ఇంత వరకు' అని రాయడం కూడా నాకు నచ్చదు. అది ధర చెప్పడం కాదు, తప్పించుకోవడం. ఒక గడికి ఒకే అంకె.

ఆ అంకె దేనికి సంబంధించిందో మొదటి పేజీలోనే చెప్పండి. సేకర్త డీలరు దగ్గర కొంటే చెల్లించే ధర అది. అదే నాణెం డీలరుకు అమ్మబోతే అంత రాదు. ఈ రెండు ముక్కలు రాయకపోతే ఆ తర్వాత వచ్చే తగాదాలన్నీ మీ నెత్తినే పడతాయి.

అసలు చిక్కు: అమ్మకాన్ని ధరగా మార్చడం

ఇక్కడ తొందరపడితే పట్టిక మొత్తం పాడవుతుంది. లండన్‌లోని స్పింక్, నూనన్స్ వంటి వేలం సంస్థల పాత ఫలితాలు ఫొటోలతో సహా వాటి సైట్లలో దొరుకుతాయి. సమాచారానికి కొదవ లేదు. కొదవంతా దాన్ని చదివే తీరులోనే.

ముందుగా ఎంత చెల్లించారో తేల్చండి. వేలంలో పాట 100 పౌండ్ల దగ్గర ఆగిందంటే కొన్నవాడి జేబులోంచి పోయింది 100 కాదు. కొనుగోలుదారు కమీషన్ 24 శాతం అనుకుందాం. ఆ కమీషన్ మీద 20 శాతం వ్యాట్. మొత్తం 128 పౌండ్ల 80 పెన్స్. కొన్ని సంస్థలు ఫలితాల్లో కమీషన్ కలిపి చూపిస్తాయి, కొన్ని పాట ధర మాత్రమే వేస్తాయి. రెండింటినీ ఒకే వరుసలో కలిపేసి సగటు తీసినవాళ్ల పట్టికలు నేను ఎన్నో చూశాను. ఒక్కో రికార్డు పక్కన 'పాట' అనో 'మొత్తం' అనో రాసుకుని, అన్నింటినీ మొత్తంలోకి మార్చాకే లెక్క మొదలుపెట్టండి.

తర్వాత, అమ్మినవాడు చెప్పిన స్థాయిని నమ్మవద్దు. ప్రతి ఫొటో చూసి మీరే స్థాయి నిర్ణయించండి. చాలామంది మానేసే పని ఇదే, ఎందుకంటే విసుగు పుట్టించే పని. కానీ అమ్మేవాడు ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ అని రాసిన నాణెం మీ కంటికి వెరీ ఫైన్ అయితే, ఆ ధర వెళ్లాల్సింది వెరీ ఫైన్ గడిలోకి.

స్థాయి కట్టడంలో ఐదో జార్జ్ పెన్నీలు మోసం చేస్తాయి. ఆ నాణెం మీద రాజు తల మరీ పెద్దగా, లోతుగా చెక్కారు. అచ్చు పడేటప్పుడు లోహమంతా అటు లాగేయడంతో వెనుక వైపు బ్రిటానియా సరిగ్గా పడలేదు, కొన్నింటి మీద రాజు తల నీడలా కూడా కనిపిస్తుంది. 1928లో తలను చిన్నది చేశాక గానీ ఆ బాధ తీరలేదు. అందుకే 1911 నుంచి 1927 మధ్య పెన్నీలో బ్రిటానియా ముఖం, రొమ్ము కవచం చదునుగా ఉన్నంత మాత్రాన నాణెం అరిగిందని రాయకూడదు. దీపాన్ని పక్కకు వంచి రాజు చెవి పైన జుట్టు చూడండి. అక్కడ పోగులు విడివిడిగా ఉండి, అక్షరాల చుట్టూ టంకశాల మెరుపు మిగిలి ఉంటే అది అరుగుదల కాదు, అచ్చు లోపం. వెనుక వైపు మాత్రమే చూసి ఫైన్ గడిలో పడేస్తే, ఆ గడి ధర లేనిపోని ఎత్తుకు పోతుంది.

మూడోది తోమిన నాణేలు. చింతపండుతోనో, ఇత్తడి తోమే పొడితోనో మెరిపించిన నాణెం ఎంత తళతళలాడినా దాని ధర మీ లెక్కలోకి రాకూడదు. వేలం వివరణలో 'శుభ్రం చేశారు' అని ఒక చిన్న మాట ఉంటుంది, దాన్ని దాటవేయవద్దు. 1944 నుంచి 1946 వరకు పెన్నీలతో ఇంకా జాగ్రత్త. వాటిని బ్రిటన్ టంకశాల అయిన రాయల్ మింటే రసాయనంతో నల్లబరిచి విడుదల చేసింది. కాబట్టి నల్లగా ఉన్న 1945 పెన్నీ అన్‌సర్క్యులేటెడ్ కావచ్చు, బంగారంలా మెరుస్తున్నది ఎవరో తోమి పాడుచేసింది కావచ్చు.

నాలుగోది లెక్క. సగటు తీయవద్దు, మధ్యగతం తీయండి. ఇద్దరు మొండివాళ్లు ఒకే గదిలో పడితే ఒక పెన్నీ దాని స్థాయికి అయిదింతలు పలుకుతుంది. పేరున్న సేకర్త సేకరణ అమ్మకానికి వచ్చినప్పుడు ఆ పేరుకూ ధర కడతారు. సగటు తీస్తే ఆ ఒక్క అమ్మకమే మిగతా అన్నింటినీ పైకి ఈడుస్తుంది. ధరలన్నీ వరుసగా పేర్చి నడుమ ఉన్నది తీసుకుంటే అలా జరగదు. ఒక గడికి కనీసం అయిదు అమ్మకాలు దొరకకపోతే అంకె పక్కన నక్షత్రం గుర్తు పెట్టండి. ఒక్కటీ దొరకకపోతే గడి ఖాళీగా వదిలేయండి. 1933 పెన్నీలు వేళ్ల మీద లెక్కపెట్టదగినన్నే ఉన్నాయి, వాటికి ధర వేయడమంటే సోది చెప్పడమే.

ఇక ఆన్‌లైన్ వేలంలో 'అమ్ముడుపోయింది' అని కనిపించినవన్నీ అమ్ముడుపోయినవి కావు. పాట పాడి డబ్బు కట్టనివాళ్లుంటారు. వారం తిరక్కుండా అదే నాణెం, అదే గీతతో, అదే ఫొటోతో మళ్లీ కనిపిస్తే మొదటి ధర కొట్టేయండి. బేరమాడి తగ్గించుకున్న అమ్మకాల్లో అసలు ధర బయటికి కనిపించకపోవచ్చు, అవీ పక్కన పెట్టండి.

చివరిగా, స్థాయికీ స్థాయికీ మధ్య గుణకం పెట్టే అలవాటు. ఫైన్ ధరను రెట్టింపు చేస్తే వెరీ ఫైన్, దాన్ని మూడింతలు చేస్తే ఎక్స్‌ట్రీమ్‌లీ ఫైన్ అని సూత్రం రాసి ఎక్సెల్‌లో కిందికి లాగేస్తారు. హాయిగా ఉంటుంది, పూర్తిగా తప్పు. 1951 పెన్నీలు ముద్రించింది 1,20,000 మాత్రమే. చాలావరకు బెర్ముడాకు వెళ్లాయి. కొత్తవి కొత్తగా ఉండగానే సేకర్తలు వెతికి దాచుకున్నారు. అందుకే వాటిలో బాగా ఉన్నవే ఎక్కువ, అరిగినవాటికీ కొత్తవాటికీ ధరలో తేడా మరీ పెద్దది కాదు. 1905 అరక్రౌన్ (రెండున్నర షిల్లింగుల వెండి నాణెం) సంగతి చూడండి. ముద్రించింది 1,66,008, అంటే ఆ 1951 పెన్నీ కన్నా ఎక్కువే. కానీ అవి బజారులో తిరిగి తిరిగి అరిగిపోయాయి. ఫైన్‌లో దొరికితేనే సంతోషం, అన్‌సర్క్యులేటెడ్‌లో దొరికితే డీలరు తన బల్ల కింద దాచుకుంటాడు. ఒకే సూత్రం ఈ రెండింటికీ ఎలా సరిపోతుంది? ముద్రణ సంఖ్య చూసి ధర ఊహించేవాళ్లకూ ఇదే జవాబు. అన్నట్టు, 1905 అరక్రౌన్‌కు నకిలీలున్నాయి. బరువు 14.14 గ్రాములకు దగ్గరగా లేని నాణెం ధర మీ పుస్తకంలోకి రానివ్వవద్దు.

వెండి, బంగారం

ఇది తేలిక. 1919 వరకు వెండి నాణేల్లో వెండి 92.5 శాతం, 1920 నుంచి 1946 వరకు 50 శాతం, 1947 నుంచి చలామణి నాణేల్లో వెండే లేదు. పాత అరక్రౌన్‌లో 13.08 గ్రాముల వెండి, 1920 తర్వాతి దానిలో 7.07 గ్రాములు. దాన్ని 31.1035తో భాగించి ఔన్సు ధరతో గుణిస్తే లోహం విలువ వస్తుంది. అరిగిన మామూలు సంవత్సరాల నాణేలకు దాదాపు అదే ధర. ఈ గడిలో ధర వేయకుండా వెండి బరువు మాత్రమే ముద్రించండి, పాఠకుడే ఆ రోజు రేటుతో గుణించుకుంటాడు. 1980 జనవరిలో వెండి ఔన్సు 50 డాలర్ల దాకా ఎగబాకి, మార్చి చివరికి చతికిలబడింది. ఆ జనవరి రేటుతో ముద్రించిన పట్టిక వేసవికి పొట్లాలు కట్టుకోవడానికి తప్ప ఎందుకు పనికొస్తుంది?

సావరిన్ అనే బంగారు నాణెం బరువు 7.99 గ్రాములు, అందులో మేలిమి బంగారం 7.32. మన ఇళ్లలో కాసులపేరుల్లోంచి తీసినవి బ్రిటన్‌లో ఉన్న తెలుగువాళ్లు నాకు తరచూ చూపిస్తుంటారు. కొక్కెం అతికించిన మచ్చ అంచు మీద ఉంటే అది బంగారం ధరే, దాని మీద పెన్నీ కూడా కలపను. మచ్చ లేకపోతే 1918 నాటిది ఉందేమో చూడండి. తేదీకి పైన, నేల గీత మీద 'ఐ' అక్షరం ఉంటే అది బొంబాయిలో ముద్రించింది. బొంబాయిలో ముద్రించిన సావరిన్ల మీద ఉన్నది ఆ ఒక్క సంవత్సరమే, దానికి వేరే వరుస ఉండాలి.

సవరణ

ఏటా అన్నింటికీ అయిదు శాతం కలిపేసి కొత్త అట్ట వేయడం సవరణ కాదు. ప్రతి అంకె పక్కన అది చివరిగా ఎప్పుడు మారిందో, ఎన్ని అమ్మకాల మీద ఆధారపడిందో రెండు దాపుడు గడుల్లో ఉంచుకోండి. అవి ముద్రించనక్కర్లేదు. కొత్త అమ్మకాలు మూడు వచ్చి, మూడూ ఒకే దిక్కుకు చూపిస్తే ధర మార్చండి. ఒక్క అమ్మకానికి చలించవద్దు. తగ్గాల్సిన ధరను తగ్గించండి. సేకర్తలు నొచ్చుకుంటారని పట్టికలు వేసేవాళ్లలో చాలామంది తగ్గించరు, అందుకే వాటిని డీలర్లు నమ్మరు. పాత అంకెను చెరపకుండా పక్క షీటులో దాచండి.

కొత్త నాణేలను మాత్రం ఏడాదికి ఒకసారి చూస్తే చాలదు. లండన్‌లోని వృక్షోద్యానం క్యూ గార్డెన్స్ బొమ్మతో 2009లో వచ్చిన 50 పెన్స్ ముద్రించింది 2,10,000. 2019లో అదే బొమ్మతో సేకర్తల కోసం మళ్లీ తెచ్చారు, కానీ తేదీ వేరు. వరుసలో తేదీ స్పష్టంగా లేకపోతే రెండూ కలిసిపోతాయి. 2008లో తేదీ లేకుండా వచ్చిన 20 పెన్స్ కూడా అంతే. కొత్త వెనుక వైపుకు పాత ముందు వైపు అచ్చు జతపడటంతో తేదీ రెండు వైపులా లేకుండా పోయింది. అరిగి తేదీ మాసిపోయిన పాత నాణేలను దీని ధరకు అమ్మేవాళ్లుంటారు, కాబట్టి వరుస కిందే ఆ వివరం ఒక వాక్యంలో వేయండి.

అచ్చుకు పంపేముందు నిరుటి పట్టికను పక్కన పెట్టుకుని ముప్పై శాతానికి మించి మారిన గడులన్నింటినీ మళ్లీ నోటుపుస్తకంతో సరిచూడండి. వాటిలో సగం నిజమైన మార్పులు కావు, సున్నా ఎక్కువ పడినవో, వెరీ ఫైన్ ధర పక్క గడిలోకి జారినవో అయి ఉంటాయి. ఆ తర్వాత మొదటి పేజీలో ధరలు ఏ నెల వరకు చూసినవో ముద్రించి, ఇక ముట్టుకోవద్దు.