ఒంటి చేత్తో కెమెరా వణక్కుండా

ఎడమ మణికట్టుకు పిండికట్టు పడ్డాక కుడి చేత్తో కెమెరా ఎత్తుతున్నాను గానీ, లెన్స్ కింద పట్టు లేక ఫొటోలన్నీ మసకగా వస్తున్నాయి. ట్రైపాడ్ (మూడు కాళ్ల స్టాండు) విప్పి బిగించడానికి రెండు చేతులూ కావాలాయె!

హార్డ్‌వేర్ షాపులో పావు అంగుళం ఐ బోల్టు (తల దగ్గర రింగు ఉండేది) ఒకటి, రెండు వాషర్లు, రెండు మీటర్ల సన్న నైలాన్ తాడు తెచ్చాను. కెమెరా అడుగున ట్రైపాడ్ కోసం ఉండే రంధ్రంలో బోల్టు బిగించి, దాని రింగుకు తాడు కట్టాను. ముడి మాత్రం మా అబ్బాయి వేశాడు. రెండో కొస కాలి కింద తొక్కిపెట్టి, కెమెరా కంటి దగ్గరికి వచ్చి తాడు బిర్రుగా లాగేదాకా పైకి ఎత్తాలి. అలా లాగిపెట్టి ఊపిరి బిగబట్టి నొక్కడమే. 50 ఎం.ఎం. లెన్స్‌తో షట్టర్ సెకనులో 15వ వంతు సేపు తెరిచి ఉంచినా నాకు ఫర్వాలేదనిపించే ఫొటోలు వచ్చాయి. జూమ్ లెన్స్ పెట్టినప్పుడు, దాన్ని తిప్పడానికి చెయ్యి లేదు కాబట్టి ముందే ఒకచోట పెట్టుకుని, మిగతాది అడుగులు ముందుకో వెనక్కో వేసి సరిచేసుకుంటున్నాను.

షాపువాళ్లు 6 ఎం.ఎం. బోల్టు ఇవ్వొచ్చు, చూడ్డానికి అచ్చం అలాగే ఉంటుంది. మర కలవదు, బలవంతంగా తిప్పితే కెమెరా మర పోతుంది. అంగుళానికి 20 మరలుండే పావు అంగుళం బోల్టే అడగండి. లోపలికి 4 ఎం.ఎం. మించి దిగకుండా వాషర్లు వేయండి. మెడలో పట్టీ తీయొద్దు. రాత్రిపూట సెకన్ల తరబడి తెరిచి ఉంచే ఫొటోలకు, బరువైన పెద్ద జూమ్ లెన్స్‌కు ఈ తాడు పనికిరాదు.