మీ కంప్యూటర్‌కు ఏ ప్యాకేజీ మేనేజర్ సరిపోతుందో తేల్చుకోవడం ఎలా?

బ్రౌజర్ కోసం ఒక సైటు, వీడియో ప్లేయర్ కోసం ఇంకో సైటు తిరిగి ఇన్‌స్టాలర్లు దింపుకునేవారికి పెద్ద ప్రమాదం నకిలీ డౌన్‌లోడ్ బటన్లే. ప్యాకేజీ మేనేజర్‌కు పేరు చెబితే చాలు, ప్రోగ్రామ్‌ను తెచ్చి పెడుతుంది, అప్‌డేట్ చేస్తుంది, వద్దంటే తీసేస్తుంది. అయితే ఏది పెట్టుకోవాలి?

1. ముందు మీ దగ్గర ఉన్నదేమిటో చూడండి. విండోస్ 11లో వింగెట్ (winget) అనే ప్యాకేజీ మేనేజర్ మామూలుగా వచ్చే ఉంటుంది. టెర్మినల్ (ఆదేశాలు టైపు చేసే విండో) తెరిచి ఆ పేరు కొడితే తెలిసిపోతుంది. లైనక్స్‌లో మొదట ఎంచుకునే పనే లేదు, దాని రకాన్ని బట్టి ఒకటి వచ్చే ఉంటుంది: డెబియన్, ఉబుంటులకు ఆప్ట్, ఫెడోరాకు డీఎన్ఎఫ్, ఆర్చ్‌కు ప్యాక్‌మ్యాన్. మ్యాక్‌లో మాత్రం ఇలాంటిదేదీ రాదు, మనమే పెట్టుకోవాలి. 2009లో వచ్చిన హోమ్‌బ్రూను ఎక్కువమంది వాడతారు. మ్యాక్‌పోర్ట్స్ అంతకంటే పాతది.

2. మీరు రోజూ వాడే పది ప్రోగ్రాముల పేర్లు కాగితం మీద రాసుకుని, ఒక్కొక్కటీ సెర్చ్ చేయండి. పేరు దొరకడంతో సరిపోదు, వెర్షన్ కూడా చూడండి. డెబియన్ స్థిర వెర్షన్ దాదాపు రెండేళ్లకొకసారి వస్తుంది కాబట్టి అందులోని ప్రోగ్రాములు కాస్త పాతవే ఉంటాయి. కొత్తవే కావాలంటే లైనక్స్‌లో ఫ్లాట్‌ప్యాక్ అనే మరో మేనేజర్ ఉంది. అది ప్రోగ్రాములకు కావలసిన లైబ్రరీలను (అవి ఆధారపడే కోడ్ ఫైళ్లను) వెంట తెచ్చుకుంటుంది, అందుకే డిస్క్‌లో ఎక్కువ చోటు తింటుంది.

3. అడ్మిన్ పాస్‌వర్డ్ మీ చేతిలో లేదా? విండోస్‌లో అయితే స్కూప్ అనే మేనేజర్‌ను చూడండి. అది ప్రోగ్రాములను మీ సొంత ఫోల్డర్‌లోనే పెడుతుంది.

4. ప్యాకేజీ ఎవరు తయారుచేశారో తెలుసుకోండి. చాలామంది దాటేసే మెట్టు ఇదే, నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనదీ ఇదే. వింగెట్ తాను తెచ్చిన ఫైలు హ్యాష్‌ను, అంటే ఫైలులోని సమాచారం నుంచి లెక్కగట్టిన వేలిముద్ర లాంటి సంఖ్యను, సరిచూస్తుంది. దానివల్ల ఫైలు మధ్యలో మారలేదని తేలుతుంది, అంతే. ఫైలు మంచిదా కాదా అన్నది హ్యాష్ చెప్పదు. ఆర్చ్ వాడేవారి ఉమ్మడి ప్యాకేజీ భండారమైన ఏయూఆర్‌లోని ఇన్‌స్టాల్ స్క్రిప్టులు వాడుకరులే పెట్టినవి, నడిపే ముందు తెరిచి చదవాల్సిందే. ఫ్లాట్‌ప్యాక్ ప్రోగ్రాములు దొరికే ఫ్లాట్‌హబ్ సైటులో అయితే ప్రోగ్రామ్ పేరు పక్కన ధ్రువీకరణ గుర్తు ఉందేమో చూడండి.

5. ఒక ప్రోగ్రామ్‌ను ఒక్క మేనేజర్‌కే అప్పగించండి. నేను ఒకసారి ఫైర్‌ఫాక్స్‌ను ఆప్ట్‌తోనూ ఫ్లాట్‌ప్యాక్‌తోనూ పెట్టుకున్నాను. ఒకరోజు తెరిస్తే బుక్‌మార్క్‌లు ఒక్కటీ లేవు! నిజానికి ఎక్కడికీ పోలేదు. రెండూ వేర్వేరు ఫోల్డర్లలో ప్రొఫైల్ (బుక్‌మార్క్‌లు, సెట్టింగులు) పెట్టుకుంటాయి, నేను తెరిచింది రెండోదాన్ని. మేనేజర్లు రెండున్నా ఇబ్బంది లేదు, ఏది దేనికో మీకు స్పష్టంగా తెలిసి ఉండాలి.

6. అప్‌డేట్లు ఎప్పుడు జరగాలో ఆలోచించుకోండి. ఉబుంటుతో వచ్చే మరో మేనేజర్ స్నాప్ తనంతట తానే రోజుకు నాలుగుసార్లు చూసి కొత్తవి దింపుతుంది. వింగెట్, హోమ్‌బ్రూలతో పెట్టినవాటికి మామూలుగా మీరే అప్‌గ్రేడ్ ఆదేశం ఇవ్వాలి. మరిచిపోయే అలవాటు ఉంటే వారంలో ఒక రోజు పెట్టుకోండి.

7. చిన్న ప్రోగ్రామ్ ఒకటి ఇన్‌స్టాల్ చేసి, వెంటనే తీసేసి, ఏమైనా మిగిలిందేమో చూడండి. ఆ తీరు నచ్చితే కాగితం మీది పదీ పెట్టుకోండి. తర్వాత వింగెట్‌లో ఎక్స్‌పోర్ట్‌తోనో, హోమ్‌బ్రూలో బండిల్ డంప్‌తోనో జాబితాను ఫైలుగా తీసి, ఆ ఫైలును వేరే డిస్క్‌లో దాచండి. కంప్యూటర్ మారినప్పుడు దాంతోనే అన్నీ తిరిగి పెట్టుకోవచ్చు.