మొదటి ఆర్‌సీ ఏరోబాటిక్స్ పోటీకి ముందు జాగ్రత్తలు

ఐమ్యాక్ అంటే రేడియోతో నడిపే (ఆర్‌సీ) నమూనా విమానాల విన్యాసాల సంఘం. దాని పోటీల్లో కొత్తవారికి బేసిక్ తరగతి ఉంటుంది. విన్యాసాల వరుస ముందే ప్రకటిస్తారు కాబట్టి, తెలియదన్న సాకు చెల్లదు.

– చేతిలో చిన్న బొమ్మ విమానం పట్టుకుని, పెరట్లో నడుస్తూ వరుసంతా తిప్పి చూడండి. చూసేవాళ్లు నవ్వితే నవ్వనివ్వండి.

– అరెస్టీ గుర్తుల (విన్యాసాలను గీతలతో చూపే గుర్తుల) కాగితాలు రెండు ఉండాలి: గాలి ఎడమ నుంచి వీచినప్పుడు ఒకటి, కుడి నుంచి వీచినప్పుడు ఒకటి. తప్పు కాగితం చదివితే విన్యాసం తప్పు దిశలో సాగి సున్నా పడుతుంది.

– పక్కన నిలబడి వరుస చదివి వినిపించే కాలర్‌తో ముందే సాధన చేయండి. ఒక విన్యాసం ముగియకముందే తర్వాతిది చెవిన పడాలి.

– విమానం 45 డిగ్రీల వాలులో ఎగిరే గీత సరిచూసుకోండి. ప్రతి 5 డిగ్రీల తేడాకు అర మార్కు పోతుంది.

– ఐలరాన్‌ను (రెక్క వెనుక అంచున కదిలే పలకను) రెండు వేళ్లతో పట్టుకుని మెల్లగా కదపండి. టిక్కుమంటే సర్వో (ఆ పలకను కదిపే చిన్న మోటారు) ఆర్మ్ స్క్రూ వదులైందేమో చూడండి. నేనైతే దీన్ని ప్రతి ఎగరవేతకూ ముందు చూస్తాను, మతిమరుపు మనిషిని కదా.

– ప్రొపెల్లర్ తీసేసి, ట్రాన్స్‌మిటర్ ఆపి చూడండి. మోటారు ఆగకపోతే ఫెయిల్‌సేఫ్ (సిగ్నల్ పోతే మోటారును ఆపే ఏర్పాటు) సరిగా లేనట్టే.

– ఉబ్బిన లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీ ఇంట్లోనే వదిలేయండి.

– టోపీ, నీళ్లు.