సచివాలయం వదిలి డిస్కం కుర్చీలోకి వస్తున్నావా, అల్లుడూ?

సచివాలయంలో కరెంటు ఫైళ్లు చూసి చూసి, చివరి ఏళ్లలో డిస్కంలో, అంటే ఇంటింటికీ కరెంటు పంచే కంపెనీలో, పెద్ద కుర్చీ ఎక్కినవాణ్ని. ఇప్పుడు హనుమకొండలో రిటైర్డ్ జీవితం. మా అక్క కొడుకు అదే దారిలో వస్తున్నాడని తెలిసి చెప్పిన మాటలివి.

ముందు సర్కారు డిస్కంకిచ్చే సబ్సిడీ. అక్కడ అదొక నోట్ ఫైలు, కొర్రీ పడితే ఇంకో నెల. ఇక్కడ ఆ డబ్బొస్తేనే, మనకు కరెంటు తయారుచేసి అమ్మే జెన్‌కోకు, ఎన్టీపీసీకి బిల్లు కట్టగలవు. 2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం సబ్సిడీ ముందుగానే ఇవ్వాలి. ఆ సెక్షన్ నా చేత్తోనే ఎన్నోసార్లు ఎత్తిరాశా, బరువు మాత్రం ఇటొచ్చాకే తెలిసింది. చేరిన వారంలోనే రావాల్సింది, కట్టాల్సింది ఒకే కాగితం మీద రాయించుకో. పాత దోస్తులున్నారని ఫోన్లు నమ్ముకోకు, ఉత్తరం రాయి.

నష్టాల లెక్క నువ్వే వేసుకో. కొన్న 100 యూనిట్లలో 85కే బిల్లు పడి, అందులో 90 శాతమే వసూలైతే, చేతికొచ్చింది 76.5 యూనిట్ల పైసలే. మిగతా 23.5 శాతం ఏటీ అండ్ సీ నష్టం, అంటే బిల్లు పడనిదీ, వసూలు కానిదీ కలిపి. మన దగ్గర బోరు మోటర్లకు మీటర్లుండవు, వాడకం అంచనా కడతారు. అంచనా పెంచితే దొంగ కరెంటు దాని చాటున దాక్కుంటుంది. నష్టం తగ్గిందని ఎవరైనా సంబరంగా చెబితే, వ్యవసాయం అంచనా ఎంత పెరిగిందో అడుగు.

టారిఫ్ ప్రతిపాదనలు నవంబర్ 30లోగా, కరెంటు ధరలు ఖరారు చేసే ఈఆర్సీకి (విద్యుత్ నియంత్రణ మండలికి) వెళ్లాలి. బహిరంగ విచారణకు నువ్వే వెళ్లు.

ఇక యాసంగి. నేను చేరిన మార్చిలో పరకాల వైపు ట్రాన్స్‌ఫార్మర్ కాలింది. అక్కడి ఇంజినీరు (ఏఈ) ఫోన్ చేస్తే అలవాటుగా "నోట్ పెట్టండి" అన్నా. అప్పటికి వరి పొట్ట మీదుంది. రైతులే ఆ ట్రాన్స్‌ఫార్మర్‌ను ట్రాక్టర్‌లో వేసుకుని రిపేరు షెడ్డుకు తెచ్చారు. "నీ కాయితం వచ్చేదాంక మా వరి ఆగుతదా సారూ?" అన్నాడో పెద్దాయన. నాకు నోట మాట రాలేదు. అప్పటినుంచి ప్రతి జనవరిలో డివిజన్‌వారీగా రోలింగ్ స్టాక్, అంటే కాలినవాటి బదులు వెంటనే పెట్టడానికి ఉంచే ట్రాన్స్‌ఫార్మర్లు, నేనే లెక్కపెట్టేవాణ్ని. కాగితం మీదున్న ట్రాన్స్‌ఫార్మర్లు కాదు, షెడ్డులో కంటికి కనిపించేవి.

నెలకోసారి చెప్పకుండా ఏదో ఒక సబ్‌స్టేషన్‌కు వెళ్లి లైన్ క్లియర్ రిజిస్టర్ తిరగెయ్యి. స్తంభమెక్కే ముందు లైన్‌లో కరెంటు ఆపించుకునే అనుమతే లైన్ క్లియర్. తీసుకున్న టైమూ, తిరిగిచ్చిన టైమూ రోజంతా ఒకే పెన్నుతో, ఒకే ఊపులో రాసినట్టుంటే, ఆపరేటర్‌ను కూర్చోబెట్టి, చాయ్ తెప్పించి, ఆ రోజు స్తంభమెక్కిన లైన్‌మన్ ఎవరో అడుగు.