బరంపురం నుంచి బెంగళూరుకి: ల్యాప్‌టాప్ కొనేముందు

మన బరంపురం పిల్లలు బెంగళూరు రైలెక్కితే ప్రయాణం దాదాపు ఒక రోజు పడుతుంది. డబ్బు కట్టేముందే ఇవి చూసుకోండి.

• బరువు ఛార్జర్‌తో కలిపి చూడండి. పెట్టె మీద రాసే 1.2 కిలోల్లో అది ఉండదు. మా చెల్లి పాత ఛార్జర్ ఒక్కటే ఇటుకలా అరకిలో తూగింది.

• బ్యాటరీ ఎన్ని వాట్-అవర్లో (అందులో నిలవుండే కరెంటు కొలత) అడగండి, 'రోజంతా వస్తుంది' అంటే నమ్మకండి. 54 ఉండి, పనికి 9 వాట్లు ఖర్చయితే వచ్చేది 6 గంటలే. రాత్రి 11 నుంచి ఉదయం 5 దాకా బోగీల్లో ఛార్జింగ్ ఆపాలని 2021లో రైల్వే నిర్ణయించింది, సాయంత్రమే నింపుకోవాలి.

• టైప్-సి ఛార్జింగ్ తప్పనిసరి. ఫోను కూడా టైప్-సి అయితే ల్యాప్‌టాప్ ఛార్జరే దానికీ సరిపోతుంది.

• సన్నటి వాటిలో చాలావరకు ర్యామ్ (పనిచేసేటప్పుడు వాడే మెమరీ) లోపలి సర్క్యూట్ బోర్డుకే అతికి ఉంటుంది, తర్వాత పెంచలేం. కుదిరితే 16 జీబీ తీసుకోండి.

• మూత మధ్యలో వేలితో మెల్లగా నొక్కి చూడండి. లోపలికి వంగితే వద్దు, కిక్కిరిసిన బోగీలో దాని మీద ఎవరి బ్యాగు పడుతుందో!