కానుకా, లంచమా? మూడవ పాఠం: పదవిని పక్కన పెట్టి చూడడం

గత పాఠంలో లంచాన్ని పరిశీలించాం. ఒక పని చేయడానికో, చేయకుండా ఉండడానికో అధికారి పుచ్చుకునే ప్రతిఫలమది. అక్కడ బేరం కనబడుతుంది కనుక గుర్తుపట్టడం తేలికే. నేటి పాఠం బేరం లేనిచోట మొదలవుతుంది. ఎవరూ ఏమీ అడగలేదు. ఇచ్చినవారు ఆప్యాయంగానే ఇచ్చారు, పుచ్చుకున్నవారు మొహమాటపడుతూనే పుచ్చుకున్నారు. అటువంటి కానుకను ఎలా తూచాలి?

ఇస్లామీయ న్యాయంలో ఇందుకు ఆధారం బుఖారీ, ముస్లిం హదీసు (ప్రవక్త మాటల, చేతల కథనం) సంకలనాలు రెండింటిలోనూ ఉన్న ఒక సంఘటన. బనూ సులైమ్ తెగ నుంచి జకాత్ (ముస్లింలు విధిగా చెల్లించే దానం) వసూలు చేసుకురమ్మని ప్రవక్త ముహమ్మద్ (స) ఇబ్నుల్ లుత్బియ్యాను పంపారు. అతడు తిరిగివచ్చి, ‘ఇది మీది, ఇది నాకు కానుకగా వచ్చింది’ అని సొత్తును వేరుచేసి చూపాడు. తల్లిదండ్రుల ఇంట్లో కూర్చుని, కానుక తన దగ్గరకు వస్తుందో రాదో చూడవలసిందని ప్రవక్త మందలించారు. కానుక సంగతి అతడు దాచలేదు, తానే చెప్పాడు. ఇచ్చినవారి ఉద్దేశమేమిటన్న ఆరా కూడా ఇక్కడ లేదు. పదవిని పక్కన పెడితే కానుక మిగులుతుందా అన్నదొక్కటే ప్రశ్న.

అమెరికా ఫెడరల్ కార్యనిర్వాహక శాఖ ఉద్యోగుల నైతిక నియమావళి దాదాపు ఇదే ప్రశ్న వేస్తుంది: ఆ హోదాగానీ అధికారంగానీ విధులుగానీ లేకపోయి ఉంటే ఇచ్చి ఉండని వస్తువును, పదవి కారణంగా వచ్చినదిగానే అది పరిగణిస్తుంది. ఒకదాన్ని చూసి మరొకటి రాశారని నేననను. అయితే ఆ నియమావళి చిన్న వస్తువులకు వెసులుబాటు ఇచ్చింది: ఒక సందర్భంలో 20 డాలర్లు, ఒకే దాత నుంచి ఏడాదికి 50 డాలర్లు మించకూడదు.

ప్రవక్త కూడా కానుకలు స్వీకరించేవారు కదా అన్న సందేహం రావచ్చు. ప్రవక్త తరవాతి కాలంలో ముస్లిం రాజ్యాన్ని ఏలిన ఉమయ్యద్ వంశపు ఖలీఫా ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్‌కు ఈ మాట ఎదురైనప్పుడు, ఆ రోజుల్లో అది కానుకే, నేడది లంచం అని ఆయన బదులిచ్చినట్లు ప్రసిద్ధి.

ఇప్పుడొక ఉదాహరణ. ఒక న్యాయాధికారికి చిన్ననాటి స్నేహితుడు ఏటా ఒక కలం పంపేవాడు. నియామకం జరిగిన ఏడాది చేతిగడియారం పంపాడు. ఇస్లామీయ న్యాయ సంప్రదాయాల్లో ఒకటైన హనఫీ న్యాయశాస్త్రం ప్రకారం ఖాజీ, అంటే న్యాయాధికారి, దగ్గరి బంధువుల నుంచి, పదవికి ముందునుంచీ ఇచ్చే అలవాటున్నవారి నుంచి, అదీ అలవాటైన మేరకే కానుక తీసుకోవచ్చు. కలం ఆ అలవాటులోకి వస్తుంది, గడియారం రాదు. ఆ స్నేహితుడి వ్యాజ్యమే ఆయన ముందు విచారణలో ఉంటే కలం కూడా కూడదు. ఇక స్నేహం మూలంగా వచ్చిన కానుకలను తూచేటప్పుడు అమెరికా నియమావళి ఆ స్నేహం ఎన్నాళ్లదో చూడమంటుంది, డబ్బు స్నేహితుడి జేబులోదా కాదా అనీ చూడమంటుంది. ఈ రెండో ప్రశ్న నాకు మరీ పనికొచ్చేదిగా తోస్తుంది. ఆప్యాయతతో ఇచ్చే కానుకకు కంపెనీ ఖాతాలోంచి బిల్లు కట్టరు.

పరీక్ష ఒకటే అయినా నిరూపణ భారం ఎవరిదన్నది వేరే సంగతి. ఇండోనేషియా అవినీతి నిరోధక చట్టానికి 2001లో చేసిన సవరణలో కోటి రూపియాలు లేదా అంతకు మించిన కానుక లంచం కాదని పుచ్చుకున్న అధికారే నిరూపించుకోవాలి. అంతకు తక్కువైతే లంచమని ప్రాసిక్యూటరు నిరూపించాలి. అందిన 30 పనిదినాల్లోగా అవినీతి నిర్మూలన కమిషనుకు తెలియజేస్తే ఈ నిబంధన వర్తించదు. ఆ వస్తువు అధికారిదో, ప్రభుత్వానిదో కమిషను తేలుస్తుంది.

అభ్యాసం: పదవీ విరమణ చేసిన మర్నాడు, తాను గతంలో అనుమతి మంజూరు చేసిన వ్యాపారి నుంచి ఒక అధికారికి కానుక అందింది. ఇప్పుడాయన ఇంట్లోనే కూర్చుని ఉన్నారు. పదవిని పక్కన పెడితే కానుక మిగులుతుందా అన్న ప్రశ్నను ఏ తేదీకి వర్తింపజేయాలో కారణంతో సహా రాయండి; నాలుగవ పాఠం మీ జవాబుతోనే మొదలవుతుంది.