తుంబ చర్చికి బయలుదేరే ముందు: విశాఖ ఉపాధ్యాయులకు

విశాఖపట్నం నుంచి హైస్కూలు పిల్లలను తిరువనంతపురం దగ్గర, దేశంలో తొలి రాకెట్ ఎగిరిన తుంబకు తీసుకెళ్లదలచిన ఉపాధ్యాయులు సన్నాహాన్ని తమ తరగతి గదిలోనే, ఒక ఉక్కు సూదితో మొదలుపెట్టాలి. అయస్కాంతం తగలని సూదిని నడుమ సన్నని దారంతో కట్టి, అది సరిగ్గా అడ్డంగా నిలిచేదాకా ముడిని జరిపి, చుక్క జిగురుతో బిగించండి. తరువాత దానిని అయస్కాంతంతో ఒకే దిశలో పలుమార్లు రుద్ది మళ్లీ వేలాడదీస్తే, విశాఖలో దాని ఉత్తరపు కొన కిందికి వాలుతుంది. ఆ కోణాన్ని పిల్లలచేత కొలిపించి, రాయించి, సూదిని భద్రంగా వెంట తీసుకెళ్లండి. తుంబలో అదే సూది దాదాపు అడ్డంగా నిలుస్తుంది, ఎందుకంటే ఆ ఊరు అయస్కాంత భూమధ్యరేఖకు, అంటే అయస్కాంత సూది ఎటూ వాలకుండా అడ్డంగా నిలిచే రేఖకు, చేరువలో ఉంది. ఆ రేఖ మీద సుమారు 100 కిలోమీటర్ల ఎత్తున పగటిపూట బలమైన విద్యుత్ ప్రవాహం సాగుతుంది. బెలూన్లు అంత ఎత్తుకు చేరలేవు, ఉపగ్రహాలు అంత దిగువన నిలకడగా తిరగలేవు కనుక, దానిని అక్కడికే వెళ్లి కొలవడానికి సౌండింగ్ రాకెట్టే, అంటే పరికరాలతో పైకెగిరి కొలతలు తీసి తిరిగి పడిపోయే చిన్న రాకెట్టే, సాధనం. భారత అంతరిక్ష కార్యక్రమానికి ఆద్యుడైన విక్రమ్ సారాభాయ్ రాకెట్ కేంద్రానికి ఈ మత్స్యకారుల పల్లెను ఎందుకు కోరుకున్నారో సూదిని చూసిన పిల్లలకు వేరే చెప్పనక్కరలేదు.

బయలుదేరేలోగా ఒక పూట బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామిని చూపించండి. 2001లో విధుల నుంచి తప్పుకున్న ఆ నౌకలో ప్రతి గది ముందూ ఆగి, ఇక్కడ నిలబడిన మనిషి ఏ పని చేసేవాడని అడగండి.

తుంబలో ఇప్పుడు అంతరిక్ష ప్రదర్శనశాలగా ఉన్న సెయింట్ మేరీ మాగ్దలీన్ చర్చిలోనూ అదే ప్రశ్న అడగాలి. బిషప్ పీటర్ బెర్నార్డ్ పెరీరా, అక్కడి విశ్వాసులు రాకెట్ కేంద్రానికి మనసారా అప్పగించిన ఆ భవనంలోనే 1963 నవంబరు 21న ప్రయోగించిన తొలి రాకెట్ నైకీ అపాచీని కూర్చారు. ప్రదర్శన వస్తువులకన్నా ముందు ఆ గోడలను, ఆ ద్వారాన్ని చూపించి, సుమారు 8 మీటర్ల రాకెట్‌ను ఏ ముక్కలుగా తెచ్చి, ఎలా బయటికి తీసుకెళ్లి ఉంటారో పిల్లలనే ఊహించనివ్వండి. ఆనాడు క్రేన్‌లోని హైడ్రాలిక్ వ్యవస్థ లీకవడంతో మనుషులే చేతులతో రాకెట్‌ను లాంచర్‌పైకి ఎత్తారని అక్కడే చెప్పండి. నాకు ఈ యాత్ర మొత్తంలో అతి విలువైన క్షణం అదే. ప్రాంగణం ఇస్రోది కనుక గుర్తింపు కార్డులు, సందర్శన వేళలు, ఫోటోల నిబంధనలు ముందే కనుక్కోవాలి.

సాయంత్రం శంఖుముఖం తీరంలో చీకటి పడేదాకా ఉండండి. నేల చీకటైనా పైన ఇంకా ఎండ తగిలే ఆ కొద్ది నిమిషాల కోసమే తొలి ప్రయోగాన్ని సంధ్యవేళకు పెట్టుకున్నారు. రాకెట్ వదిలిన సోడియం ఆవిరి ఆ ఎండలో నారింజ రంగుతో మెరిసి, పై గాలులు ఎటు వీస్తున్నాయో కిందివారికి చూపింది.